మస్కట్ పడవల మీద ఫ్రెంచి జెండా ఎందుకు ఎగిరింది? అరేబియా రేవుల్లో కాన్సులేట్ల గురించి చర్చ

తీరం_చదువరి
అందరికీ నమస్కారం. హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం తొలినాళ్ల తీర్పులు చదువుతుంటే ఒకటి దగ్గర ఆగిపోయాను. తేదీ 1905 ఆగస్టు 8. ఒకవైపు బ్రిటన్, మరోవైపు ఫ్రాన్స్. తగాదా దేని మీదంటే, ఒమాన్‌లో సూర్ అనే రేవుకు చెందిన చెక్క పడవల మీద ఫ్రెంచి జెండా ఎగరవచ్చా లేదా అని. ఆ పడవల యజమానులు ఫ్రెంచివాళ్లు కారు, మస్కట్ సుల్తాన్ ప్రజలు.

ఆ రెండు దేశాలూ అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లోనే ఈజిప్టు, మొరాకో లాంటి పెద్ద పెద్ద తగాదాలు తీర్చుకుని చేతులు కలిపాయి. అంతటి సర్దుబాటులోనూ ఈ పడవల గొడవ తెగకుండా ఎందుకు మిగిలింది? అసలు ఆ కాలంలో అరేబియా రేవుల్లో కాన్సుల్ అనేవాడు, అంటే పరాయి రేవులో తన దేశం తరఫున ఉండే ప్రతినిధి, రోజూ ఏం చేసేవాడు? తెలిసినవాళ్లు విడమరచి చెబుతారని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. రెండు ముక్కల్లో తేల్చేయకండి.

దస్త్రాల_దారి
మంచి చోటే ఆగారు. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

సూర్ నావికులు ఖర్జూరం, ఉప్పు, ఎండు చేప వేసుకుని తూర్పు ఆఫ్రికా దాకా వెళ్లి గాలి మళ్లాక తిరిగివచ్చేవారు. కొందరు మనుషులను కూడా తెచ్చేవారు. 1873లో సుల్తాన్ తుర్కీ బిన్ సయీద్ బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అప్పటినుంచి బ్రిటిష్ నౌకాదళం సుల్తాన్ ప్రజల పడవలను సముద్రం మీద ఆపి సోదా చేసేది. ఫ్రాన్స్ మాత్రం తన జెండా ఉన్న ఓడను బ్రిటిష్ వాళ్లు సోదా చేయడానికి ఒప్పుకునేది కాదు. సూర్ పడవదారులకు దారి దొరికింది. ఓబోక్, మయోట్ లాంటి ఫ్రెంచి వలసల్లో కాగితాలు పుట్టించుకుని మూడు రంగుల జెండా కట్టుకున్నారు.

1894లో ఫ్రాన్స్ మస్కట్‌కు పాల్ ఒతావీని కాన్సుల్‌గా పంపింది. ఆయన వచ్చాక తగాదా పడవ దాటి ఒడ్డుకెక్కింది. ఫ్రెంచి కాగితం ఉన్నవాడు మా రక్షణలో ఉన్నాడు, కాబట్టి సూర్‌లో అతని ఇంటి మీద, కుటుంబం మీద కూడా సుల్తాన్ అధికారం చెల్లదు అనే వాదన మొదలైంది. ఒక రేవులో సగం మంది జెండా మార్చుకుంటే అక్కడ సుల్తాన్‌కు ఏం మిగులుతుంది? బ్రిటన్ భయమూ అదే, కాకపోతే సుల్తాన్ కోసం కాదు. సుల్తాన్ తన గుప్పిట్లో ఉన్నాడు కాబట్టి, అతని అధికారం తరిగితే తన అధికారమే తరిగినట్టు.

మస్కట్‌వాసి
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, పాత ఊరి కొండలూ కోటలూ రోజూ కనిపిస్తాయి. దస్త్రాల_దారి గారు చెప్పినదానికి 1899 కథ కలపాలి. అది తెలియకపోతే హేగ్ కేసు పూర్తిగా అర్థం కాదు.

1891లో సుల్తాన్ ఫైసల్ బిన్ తుర్కీ చేత బ్రిటిష్ వాళ్లు ఒక హామీ రాయించుకున్నారు. తన భూభాగాన్ని బ్రిటిష్ ప్రభుత్వానికి తప్ప ఎవరికీ అమ్మను, ఇవ్వను, తాకట్టు పెట్టను అని. అయినా 1898లో ఆయన ఫ్రాన్స్‌కు బందర్ జిస్సాలో బొగ్గు నిల్వ చేసుకోవడానికి చోటిచ్చాడు. మస్కట్‌కు దగ్గర్లోనే ఉన్న చిన్న రేవు అది. సంగతి బయటపడ్డాక 1899 ఫిబ్రవరిలో అడ్మిరల్ డగ్లస్ యుద్ధనౌకతో వచ్చి, ఇచ్చినది రద్దు చేయకపోతే నీ భవనం మీద ఫిరంగులు పేలుస్తానని గడువు పెట్టాడు. సుల్తాన్ స్వయంగా ఆ ఓడ ఎక్కి, అందరి ముందూ రద్దు చేసుకోవలసి వచ్చింది.

మస్కట్ రేవు చూసినవాళ్లకు ఆ బెదిరింపు ఎంత దగ్గరిదో తెలుస్తుంది. భవనం నీటి అంచునే ఉంది, చుట్టూ కొండలు. ఓడ లంగరు వేసిన చోటికీ రాజు కూర్చున్న గదికీ మధ్య అడ్డమేమీ లేదు. సొంత ఊళ్లో సొంత రాజు పరాయి ఓడ మెట్లెక్కి తల వంచడం ఎన్నిసార్లు చదివినా నాకు బాధగానే ఉంటుంది.

సందేహి
> బ్రిటన్ భయమూ అదే, కాకపోతే సుల్తాన్ కోసం కాదు.

దీనితో నేను పూర్తిగా ఏకీభవించను. బానిసల వ్యాపారాన్ని ఆపడానికే కదా సోదాలు? ఫ్రెంచి జెండా చాటున మనుషులను అమ్ముకుంటుంటే అడ్డుపడటం తప్పెలా అవుతుంది? సామ్రాజ్యం చేసిందంతా దురుద్దేశంతోనే అనుకుంటే ఆ పడవల అడుగున ఉన్న మనుషులను మరిచిపోయినట్టే.

దస్త్రాల_దారి
సందేహి గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. వాళ్లను మరిచిపోకూడదు. అందుకే ఇంకో విషయం చెబుతాను.

మస్కట్ బ్రిటిష్ కాన్సులేట్ ఆవరణలో జెండా స్తంభం ఉండేది. పారిపోయి వచ్చిన బానిస దాన్ని పట్టుకుంటే విడుదల దొరుకుతుందనే నమ్మకం ఆ తీరమంతటా ఉండేది. నమ్మకం ఒక్కటే కాదు, నిజంగానే మస్కట్, బహ్రెయిన్, షార్జా, కువైట్ రేవుల్లోని ఏజెన్సీల్లో, అంటే బ్రిటిష్ ప్రతినిధుల కార్యాలయాల్లో, అలా వచ్చినవాళ్ల వాంగ్మూలాలు రాసుకునేవారు. ఎక్కడ పుట్టారు, ఎవరు ఎత్తుకుపోయారు, ఎవరికి అమ్మారు, యజమాని ఎలా చూశాడు అన్నీ ఒకటి రెండు పేజీల్లో. విచారించి విడుదల పత్రం ఇచ్చేవారు. 1920లు, 30ల నాటి వాంగ్మూలాలు ఎక్కువగా మిగిలాయి. వాటిలో చాలామంది ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు. తమ గొంతు చరిత్రలో ఎక్కడా వినిపించని మనుషులు ఈ కాగితాల్లో మాత్రం మాట్లాడతారు. ఒక్కొక్కటి చదివాక కాసేపు పక్కన పెట్టాల్సి వస్తుంది.

కానీ అదే బ్రిటన్ ఆ రేవుల్లో బానిసత్వాన్ని రద్దు చేయించడానికి దశాబ్దాల పాటు పట్టుబట్టలేదు. వచ్చి స్తంభం పట్టుకున్నవాడికి పత్రం ఇచ్చింది, రాలేనివాడిని షేక్ ఇంట్లోనే వదిలేసింది. షేకులతో సంబంధం చెడగొట్టుకోవడం ఇష్టం లేదు. ఒమాన్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1970లో. ఇవి రెండూ నిజాలే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదని నా ఉద్దేశం.

సందేహి
ఈ వివరం నాకు తెలియదు. ధన్యవాదాలు. అయితే ఇంకో ప్రశ్న. మస్కట్‌లో ఫ్రెంచి కాన్సుల్ ఉన్నాడు, అమెరికన్ కాన్సుల్ ఉండేవాడని కూడా చదివాను. మరి బహ్రెయిన్, దుబాయ్, కువైట్‌లలో వేరే దేశాల కాన్సుళ్లు ఎందుకు కనిపించరు?

దస్త్రాల_దారి
రానివ్వలేదు కాబట్టి. బహ్రెయిన్ షేక్ చేత 1880లో, షార్జా, దుబాయ్, అబుధాబి వగైరా షేకుల చేత 1892లో, కువైట్ షేక్ ముబారక్ చేత 1899 జనవరి 23న రాయించుకున్న ఒప్పందాల సారం ఒకటే. బ్రిటిష్ అనుమతి లేకుండా వేరే ప్రభుత్వ ప్రతినిధిని నీ రేవులో ఉండనివ్వకూడదు, భూమి ఇవ్వకూడదు. కువైట్ ఒప్పందానికి ప్రతిఫలం 15,000 రూపాయలు. ఆ ఒప్పందం కుదిర్చిన మీడ్, అంటే గల్ఫ్ మొత్తానికీ బ్రిటిష్ ముఖ్య ప్రతినిధి అయిన రెసిడెంటు, మరికొద్ది వారాలకే, మస్కట్‌వాసి గారు చెప్పిన ఫిబ్రవరి బెదిరింపులోనూ ఉన్నాడు.

మస్కట్‌లో ఆ తలుపు మూయడం కుదరలేదు. సుల్తాన్ అంతకు చాలా ముందే అమెరికాతో 1833లో, ఫ్రాన్స్‌తో 1844లో సొంతంగా ఒప్పందాలు చేసుకున్నాడు. పైగా 1862లో బ్రిటన్, ఫ్రాన్స్ రెండూ మస్కట్, జాంజిబార్ సుల్తాన్ల స్వాతంత్ర్యాన్ని గౌరవిస్తామని ఉమ్మడి ప్రకటన చేశాయి. ఆ పాత కాగితాలను పట్టుకునే ఒతావీ అంత ధైర్యంగా నిలబడ్డాడు.

స్టాంపుల_సంచి
> ప్రతిఫలం 15,000 రూపాయలు.

రూపాయలు అన్నచోట ఆగాను, ఎందుకంటే నా సేకరణలో ఆ కథంతా ఉంది. ఆ రేవుల్లో నడిచింది మన రూపాయే, పోస్టాఫీసులు మన తపాలా శాఖవే. భారతదేశపు స్టాంపు మీద కువైట్ పేరు అచ్చువేసినవి 1923 నుంచి, బహ్రెయిన్ పేరుతో 1933 నుంచి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా రూపాయి పోలేదు. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు ముద్రించింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించాక మిగిలిన షేకులు కూడా వదిలించుకున్నారు.

ఇంకోటి. ఆ రేవుల్లోని బ్రిటిష్ ప్రతినిధులు, అంటే పొలిటికల్ ఏజెంట్లు, జవాబు చెప్పుకునేది ఇరాన్ తీరంలోని బుషెహర్‌లో ఉండే రెసిడెంటుకు, ఆయన చెప్పుకునేది 1873 దాకా బొంబాయికి, తర్వాత భారత ప్రభుత్వానికి. మస్కట్‌లో ఉన్నవాడికి రెండు హోదాలు. పొలిటికల్ ఏజెంట్‌గా కలకత్తా మనిషి, కాన్సుల్‌గా లండన్ విదేశాంగ శాఖ మనిషి. మస్కట్‌లో గుజరాతీ బనియాల మీద కేసు పడితే సుల్తాన్ ఖాజీ దగ్గరికి పోదు, ఈ కాన్సుల్ దగ్గరికే వస్తుంది.

తీరం_చదువరి
అంటే ఆ తీరపు దౌత్యం ఖర్చులో మన రైతు కట్టిన శిస్తు కూడా ఉందన్నమాట. ఈ కోణం ఎక్కడా చదవలేదు. ఇక జెడ్డా సంగతి? అది ఒట్టోమన్ల రేవు కదా, అక్కడ కాన్సుళ్ల సంఖ్య ఎక్కువ అని విన్నాను.

హిజాజ్_పుటలు
జెడ్డా నేను చెబుతాను. అది వేరే ప్రపంచం. ఒట్టోమన్ సుల్తాన్ యూరోపు దేశాలకు ఇచ్చిన పాత రాయితీల వల్ల అక్కడ కాన్సులేట్ పెట్టడానికి అభ్యంతరం లేదు. 1830ల చివర్లోనే బ్రిటన్, ఫ్రాన్స్ వచ్చాయి. 1872లో డచ్చి వాళ్లు, జావా హాజీల కోసం. 1891లో రష్యా, మధ్య ఆసియా హాజీల కోసం. ముస్లిం ప్రజలున్న ప్రతి సామ్రాజ్యానికీ జెడ్డాలో ఒక కన్ను కావాలి.

అక్కడ కూడా జెండా మీదే రక్తం పారింది. 1858లో ఇరానీ అనే ఓడ ఉండేది. దాన్ని నడిపే సాలిహ్ జౌహర్ అనే వర్తకుడు బ్రిటిష్ జెండా దించి ఒట్టోమన్ జెండా ఎక్కించాడు. జెడ్డా అధికారులు సరేనన్నారు. బ్రిటిష్ వైస్ కాన్సుల్ పేజ్ ఒప్పుకోలేదు. సైక్లాప్స్ అనే యుద్ధనౌక కెప్టెన్ పుల్లెన్ వెళ్లి ఒట్టోమన్ జెండాను దించేశాడు. ఆ జెండాను కాళ్లతో తొక్కారని ఊళ్లో పుకారు పాకింది. జూన్ 15 సాయంత్రం గుంపులు కాన్సులేట్ల మీద పడ్డాయి. పేజ్, ఫ్రెంచి కాన్సుల్, ఆయన భార్య, మొత్తం ఇరవై మందికి పైగా చనిపోయారు. ఫ్రెంచి కాన్సుల్ కూతురు గాయాలతో బయటపడింది.

జూలై 25న సైక్లాప్స్ తిరిగొచ్చి ఊరి మీద ఫిరంగులు పేల్చింది. ఆ తర్వాత ఉరికంబాలు. మరుసటి ఏడాది జనవరిలో శిక్ష పడినవారిలో ఊళ్లోని హద్రమీ (యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన) వర్తకుల పెద్ద కూడా ఉన్నాడు.

పుకారు ఒక్కటే ఇంత పని చేయదు. 1857 తిరుగుబాటు తర్వాత భారతదేశం నుంచి వచ్చిన వార్తలు, బానిసల వ్యాపారం మీద ఆంక్షలు, బ్రిటిష్ రక్షణ కాగితం ఉన్న వర్తకులు స్థానిక వర్తకులను దాటిపోవడం, ఇవన్నీ అప్పటికే ఊరిని రగిలించి ఉన్నాయి.

సందేహి
భారతీయ హాజీల సంగతి ఎవరు చూసేవారు? కాన్సుల్ క్రైస్తవుడు కాబట్టి మక్కాకు వెళ్లలేడు కదా.

హిజాజ్_పుటలు
సరిగ్గా అందుకే డాక్టర్ అబ్దుర్ రజాక్‌ను నియమించారు. బెంగాల్ వైద్య శాఖకు చెందినవాడు. 1882లో జెడ్డాలో వైస్ కాన్సుల్ అయ్యాడు. కలరా వ్యాపించే తీరు, ఓడల్లో కిక్కిరిసిన జనం, హాజీలను దోచుకునే దళారులు, వీటన్నిటి మీదా నివేదికలు పంపేవాడు. ప్రభుత్వం అదే మనిషి చేత మక్కాలో రాజకీయ వార్తలు కూడా రాబట్టింది. హాజీ ఆరోగ్యం చూసే డాక్టరూ, హాజీ మీద కన్నేసే అధికారీ ఒక్కరే అన్నమాట.

1895 మే 30న జెడ్డా గోడల బయట సాయంత్రం నడకకు వెళ్లిన కాన్సుళ్ల మీద బెదూయిన్లు కాల్పులు జరిపారు. బ్రిటిష్ కాన్సుల్ రిచర్డ్స్ గాయపడ్డాడు, రష్యా కాన్సులేట్ మనిషి కూడా. చనిపోయింది అబ్దుర్ రజాక్. హాజీల బట్టలను ఆవిరితో శుద్ధి చేసే యంత్రాల మీద, క్వారంటైన్ మీద ఆ ఏడాది హిజాజ్‌లో, అంటే మక్కా, జెడ్డా ఉన్న ప్రాంతంలో, జనం మండిపడుతున్నారు. కాన్సుళ్లే ఇవి పెట్టించారని నమ్మారు. ఆయన గురించి మన దేశంలో ఎవరూ పెద్దగా మాట్లాడకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

పులికాట్_గాలి
జెండా అంటున్నారు కాబట్టి యెమెన్ తీరంలోని ఏడెన్ రేవును వదలకూడదు. 1837లో దర్యా దౌలత్ అనే ఓడ ఏడెన్ దగ్గర నేలకు తగిలి ఆగిపోయింది. మద్రాసు ఓడ, ఆర్కాటు నవాబుల కుటుంబానిది, ఎగిరేది బ్రిటిష్ జెండా, లోపల జెడ్డా వెళ్లే యాత్రికులు. తీరంలో వాళ్లను దోచుకున్నారు, ఆడవాళ్లని కూడా చూడకుండా అవమానించారు. ఆ దోపిడీని ఆధారం చేసుకుని బొంబాయి ప్రభుత్వం కెప్టెన్ హెయిన్స్‌ను అప్పట్లో ఏడెన్‌ను ఏలుతున్న లహెజ్ సుల్తాన్ దగ్గరికి పంపింది. బేరాలు తెగలేదు. 1839 జనవరి 19న ఏడెన్‌ను పట్టుకున్నారు. ఆవిరి ఓడలకు బొగ్గు రేవు కావాలన్నది అసలు అవసరం, దోపిడీ కేసు చేతికి దొరికిన కారణం. 1932 దాకా ఏడెన్ పాలన బొంబాయి నుంచే నడిచింది.

బార్కస్_పొరుగు
ఇంతసేపూ బొంబాయి, కలకత్తా అంటున్నారు. హైదరాబాద్ నుంచి నడిచిన అరేబియా రేవు ఒకటుందని ఎవరైనా చెబుతారేమోనని చూస్తున్నాను. యెమెన్‌లోని ముకల్లా!

నేను పెరిగింది హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట వైపు, బార్కస్ పక్కన. అక్కడి చావూష్ కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వచ్చినవాళ్లు. వాళ్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుయైతీ అనే జమాదారు ఇక్కడ బాగా సంపాదించాడు. జమాదారంటే అప్పట్లో సైనిక నాయకుడు మాత్రమే కాదు, దొరలకు అప్పులిచ్చేవాడు కూడా. ఆ డబ్బుతో ఆయనా ఆయన కొడుకులూ సొంతగడ్డలో కోటలు కొన్నారు, 1867లో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లాను గెలిచారు. వాళ్ల ప్రత్యర్థులు కథీరీలు, ఔలఖీలు. వింత ఏమిటంటే ఆ ప్రత్యర్థి నాయకులు కూడా హైదరాబాద్ జమాదార్లే. ఇక్కడ ఒకే దర్బారులో సలాం చేసి, అక్కడ ఒకరి మీద ఒకరు తుపాకులు పంపుకునేవారు.

అందుకే హద్రమౌత్ తగాదా తీర్చాలంటే ఏడెన్ రెసిడెంటు ఒక్కడి వల్ల కాలేదు. భారత ప్రభుత్వం హైదరాబాద్ రెసిడెంటు ద్వారా సాలార్‌జంగ్‌కు చెప్పించి, ఇక్కడి జమాదార్లను అదుపు చేయమనేది. చివరికి ఖుయైతీలు 1882లో బ్రిటన్‌తో ఒప్పందం, 1888లో రక్షిత రాజ్య ఒప్పందం చేసుకున్నారు. 1937లో ముకల్లాకు హెరాల్డ్ ఇంగ్రామ్స్ రెసిడెంట్ అడ్వైజర్‌గా వచ్చాడు. 1967 దాకా ఆ వంశమే పాలించింది. అరేబియా తీర దౌత్యంలో తెలంగాణకు ఇంత పెద్ద పాత్ర ఉంటే మన పాఠాల్లో ఒక్క పేరా కూడా లేదు.

జగిత్యాల_జెడ్డా
చర్చ మొత్తం చదివాను. మా ఊళ్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. మాకు కాన్సులేట్ అంటే అవుట్‌పాస్. పాస్‌పోర్టు కఫీల్ (పనికి పిలిపించి పూచీ పడే యజమాని) దగ్గర ఉండిపోయినప్పుడు, పని వదిలి బయటపడ్డవాడు ఊరికి రావాలంటే ఆ ఒక్క కాగితమే దిక్కు. స్తంభం పట్టుకుంటే విడుదల పత్రం ఇచ్చేవారని చదివినప్పుడు నాకు కాన్సులేట్ గేటు ముందు వరసలో నిలబడిన మావాళ్లు గుర్తొచ్చారు. నేను కూడా ఒకసారి మా తమ్ముడి కోసం ఆ వరసలో నిలబడ్డవాణ్నే. అడుగుతున్నది ఒకటే, కఫీల్ చేతిలో మనిషిని పెట్టే ఈ కఫాలా పద్ధతికీ ఆ కాలానికీ ఏమైనా సంబంధం ఉందా?

దస్త్రాల_దారి
ఉందని వాదించే చరిత్రకారులు ఉన్నారన్నా. బహ్రెయిన్ లాంటి చోట్ల విదేశీయుల మీద న్యాయాధికారం బ్రిటిష్ ఏజెన్సీది. ముత్యాల పనికి, తర్వాత చమురు పనికి బయటినుంచి మనుషులు వస్తుంటే, ప్రతి ఒక్కడికీ పూచీ పడే స్థానికుడు ఉండాలనే నియమాన్ని అప్పటి అధికారులే కాగితం మీదకు తెచ్చారని వారి వాదన. అరబ్బు సంప్రదాయంలోని పూచీ పద్ధతి పాతదే. దాన్ని వీసాకూ దేశంలో ఉండే హక్కుకూ ముడిపెట్టడం మాత్రం ఆధునిక ప్రభుత్వం చేసిన పని. మీ తమ్ముడు క్షేమంగా వచ్చాడని ఆశిస్తున్నాను.

జగిత్యాల_జెడ్డా
వచ్చిండు. ఇప్పుడు ఊళ్లోనే ఉన్నడు.

నిర్వాహకి
చర్చ బాగా సాగుతోంది. ముకల్లా–హైదరాబాద్ మీద బార్కస్_పొరుగు గారు వేరే చర్చ తెరిస్తే అక్కడ వివరంగా మాట్లాడుకోవచ్చు.

తీరం_చదువరి
తప్పకుండా తెరవండి. కానీ నేను అడిగిన కేసులో చివరికి ఎవరు గెలిచారో ఎవరూ చెప్పలేదు!

దస్త్రాల_దారి
ముగ్గురు మధ్యవర్తులు. ఆస్ట్రియాకు చెందిన లామాష్, అమెరికా ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్, నెదర్లాండ్స్‌కు చెందిన సవోర్నిన్ లోమన్. తీర్పులో ఒక గీత గీశారు. బానిసల వ్యాపారం మీద బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒప్పందాన్ని ఫ్రాన్స్ ఆమోదించిన 1892 జనవరి 2కు ముందు జెండా ఇచ్చినవాళ్ల హక్కు చెల్లుతుంది. ఆ తేదీ తర్వాత ఇవ్వాలంటే, అతను 1863కు ముందే ఫ్రెంచి రక్షణలో ఉన్నట్టు రుజువు కావాలి. ఆ జెండా హక్కు ఇంకొకరికి బదిలీ కాదు, వేరే పడవకు మారదు. పడవ మీద సోదా నుంచి రక్షణ ఉంటుంది కానీ, ఒడ్డున దాని యజమానీ కుటుంబమూ సుల్తాన్ అధికారం కిందే ఉంటారు.

పైకి రెండు పక్షాలకూ సగం సగం ఇచ్చినట్టుంది. నా దృష్టిలో గెలిచింది బ్రిటనే. హక్కు బదిలీ కాకపోతే పడవ పాతబడి, యజమాని ముసలివాడై పోయినకొద్దీ ఫ్రెంచి జెండాలు వాటంతట అవే తగ్గిపోవాలి. అలాగే తగ్గాయి.

మస్కట్‌వాసి
ఒతావీ ఉన్న ఫ్రెంచి కాన్సులేట్ ఇల్లు ఇంకా ఉంది. బైత్ ఫ్రాన్సా అంటారు, 1992 నుంచి ఒమానీ–ఫ్రెంచి మ్యూజియం. సుల్తాన్ భవనం పక్కనే ఉండిన పాత బ్రిటిష్ కాన్సులేట్ మాత్రం ఇప్పుడు లేదు, కూల్చేశారు. ఇటువైపు వచ్చినప్పుడు చెప్పండి, పాత ఊరు తిప్పి చూపిస్తాను. సూర్ కూడా వెళ్లొచ్చు, పడవలు కట్టే చోటు అక్కడ ఇంకా నడుస్తోంది.

తీరం_చదువరి
తప్పకుండా వస్తాను. దస్త్రాల_దారి గారూ, ఆ వాంగ్మూలాలు చదవాలంటే ఎక్కడ?

దస్త్రాల_దారి
ఖతార్ డిజిటల్ లైబ్రరీలో. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ దస్త్రాలను స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. ఊళ్ల పేర్లు పాత స్పెల్లింగులతో ఉంటాయి, నాలుగైదు రకాలుగా వెతకండి. బహ్రెయిన్ ఏజెన్సీ దస్త్రాలతో మొదలుపెట్టండి, వాంగ్మూలాలు అక్కడ గుత్తులుగా దొరుకుతాయి.